ఊపిరితిత్తుల కాన్సరును నడుపు చిన్న చీటీలు

(గుడియాత్తములో జరిగిన మన సంఘ మాసికసభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ మాసము వ్యాపారపు పన్నులనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను వేరొక విషయమునకు అనుమతి వేడితిని. వారు దయతో ఒప్పుకొనిరి. పన్నుల సంగతి తెలియకున్నచో ధనము పోవును. నేను చెప్పబోవు సంగతి తెలియకున్నచో మనుష్యులు పోవుదురు.

గత సంవత్సరము మా చిన్నాయనగారు ఊపిరితిత్తుల కాన్సరుతో గతించిరి. మీలో పలువురు వారిని ఎరుగుదురు. నలువదియేండ్లు మా కొట్టులో గల్లాపెట్టె ముందు కూర్చుండి, దినమునకు రెండు కట్టల బీడీలు కాల్చినవారు. జబ్బు బయటపడిన దినమున వైద్యులిచ్చిన కాగితములు నా చేతికి వచ్చెను. అవి ఇంగ్లీషులో నుండెను. నేను మెట్రిక్యులేషను వరకు చదివినవాడను. అక్షరములు చదువగలిగితిని గాని భావము పట్టుకొనలేకపోతిని. పిన్నమ్మ “ఏమి వ్రాసినారు నాయనా?” యని అడిగినప్పుడు నా నోట మాట రాలేదు. నాటినుండి తీరిక దొరకినప్పుడెల్ల ఈ వ్యాధినిగూర్చి చదువుచు, తెలిసిన వైద్యులను అడుగుచు వచ్చితిని. అట్లు తెలిసికొనినదానిలో నాకు మిక్కిలి వింతగా తోచిన భాగమును, దానివలన మనము చేయదగిన పనిని నేడు మనవి చేసెదను. తప్పులున్నచో ఈ సభలోని వైద్యవిద్యార్థులు దిద్దగలరని నమ్ముచున్నాను.

మన ప్రాంతమునకు ఈ విషయము దూరమైనది కాదు. గుడియాత్తమునకు లుంగీలవలన ఎంత పేరు గలదో, బీడీలవలనను అంత పేరు గలదు. మన వీధులలో ఎన్ని యిండ్ల అరుగులపై స్త్రీలు చేటలు ఒడిలో పెట్టుకొని ఆకు కత్తిరించి పొగాకు నింపి చుట్టుచున్నారో మీరెరుగుదురు. కౌండిన్యానదికి ఇరుప్రక్కల నున్న యీ యూరిలో పెక్కు కుటుంబములు ఆ కూలితో బియ్యము కొనుచున్నవి. ఇచ్చట తయారైన సరకును మావంటి కొట్లవారము అమ్ముచున్నాము. కావున ఈ వ్యాధి మాట ఎత్తినప్పుడు నేను ఇతరులను వేలెత్తి చూపజాలను. నా వ్రేలు మొదట నా వైపునకే తిరుగును.

ఇక వ్యాధి సంగతి. ప్రపంచమున నేడు అన్నిటికంటె ఎక్కువమందికి వచ్చు కాన్సరు ఊపిరితిత్తుల కాన్సరే. 2022 సంవత్సరపు అంతర్జాతీయ లెక్కల ప్రకారము ఆ యొక్క యేడే సుమారు 25 లక్షలమందికి ఈ వ్యాధి కొత్తగా కనుగొనబడెను. సుమారు 18 లక్షలమంది దీనివలన మరణించిరి. మన దేశములో ఆ యేడు కొత్తగా బయటపడినవారు 80 వేల పైచిలుకు. పొగకును ఈ వ్యాధికిని గల సంబంధమును 1950లోనే ఇంగ్లండులో డాల్, హిల్ అను నిద్దరు పండితులు లెక్కలతో చూపిరి. “అది సిగరెట్టు సంగతి, మన బీడీ ఆకు చుట్ట గదా” యని కొందరు తమ్ము తాము ఓదార్చుకొందురు. ఆ ఓదార్పు నిలువదు. కేరళలోని కరునాగపల్లిలో 65 వేలమందికి పైగా పురుషులను ఏండ్లకొలది గమనించిన పరిశోధనలో, బీడీ త్రాగువారికి ఊపిరితిత్తుల కాన్సరు దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా వచ్చినట్లు తేలెను. బీడీలో పొగాకు తక్కువే. కాని ఆకు దట్టమైనది గనుక అది ఆరిపోకుండుటకు మాటిమాటికి గట్టిగా పీల్చవలసియుండును. పొగ అంత లోతునకు దిగును.

పొగ పీల్చినవారికి జబ్బు ఎట్లు వచ్చును? వచ్చిన జబ్బు ఒకరిలో మెల్లగాను, మరియొకరిలో వేగముగాను ఏల పాకును? ఈ ప్రశ్నకు గత ముప్పదియేండ్లలో దొరకిన జవాబులలో ఒకటి మన వ్యాపారస్థులకు సులభముగా బోధపడునట్టిది.

మన కొట్లలో పెద్ద ఆవర్జా ఇనుపపెట్టెలో నుండును. దానిని గిడ్డంగికి మోసికొనిపోము. కావలసిన పద్దును గుమాస్తా ఒక చీటీపై ఎత్తి వ్రాసి పంపును. గిడ్డంగివాడు ఆ చీటీ చూచి సరకు కట్టును. మన శరీరములోని ప్రతి జీవకణమునందును ఇట్టి ఏర్పాటే గలదు. డి.ఎన్.ఏ. అనునది ఆవర్జా. ఆర్.ఎన్.ఏ. అనునది చీటీ. ఆ చీటీ ప్రకారము తయారగు సరకు మాంసకృత్తు. కండయు, రక్తమును, జీర్ణరసములును ఈ మాంసకృత్తుల పనియే. మన ఆవర్జాలో సుమారు 300 కోట్ల అక్షరములు గలవు. వానిలో మాంసకృత్తులకు చెందిన పద్దులు సుమారు 20,000. అవన్నియు కలిపినను మొత్తము పుస్తకములో నూటికి రెండు పాళ్లకు మించవు.

మరి మిగిలిన తొంబదియెనిమిది పాళ్లు ఏమిటి? చిరకాలము శాస్త్రజ్ఞులకు తెలియలేదు. 1972 ప్రాంతమున దానికి ‘చెత్త’ అను పేరే వాడుకలోనికి వచ్చెను. ఆ భాగము నుండియు చీటీలు వ్రాయబడుచున్నవని తరువాత కనిపెట్టిరి. కాని ఆ చీటీలపై ఏ సరకు పేరును లేదు. సరకు చెప్పని చీటీ యెందులకు? చింపి పారవేయదగినదని అనుకొనిరి.

ఆ అభిప్రాయము తప్పని చాటినది ఒక పురుగు. మట్టిలో బ్రదుకు ఒక మిల్లీమీటరు పొడవు గల చిన్న పురుగు. అమెరికా దేశమున విక్టర్ ఆంబ్రోస్, గేరీ రువ్‌కున్ అను నిద్దరు దానిపై పనిచేయుచు 1993లో ఒక వింతను ప్రకటించిరి. ఆ పురుగులోని ఒకానొక పద్దునుండి వెలువడు చీటీ కేవలము ఇరువదిరెండు అక్షరముల పొడవుది. దానిపై ఏ సరకును లేదు. అది చేయు పని యేమనగా, వేరొక చీటీకి పోయి అతుకుకొని, “ఈ చీటీపై సరకు పంపవద్దు” అని ఆపుట. పెద్ద గుమాస్తా తొందరలో వ్రాసిన ఆర్డరును వెనుకనుండి చిన్న గుమాస్తా వచ్చి నిలిపినట్లుండును. 2000లో రువ్‌కున్ బృందము అట్టిదే మరియొకటి, ‘లెట్-7’ అను పేరుగలదానిని కనుగొనెను. అది పురుగులోనే గాక మనుష్యులయందును ఉన్నట్లు ఆ యేడే తేలెను. ఇట్టి చిన్న చీటీలకు మైక్రో ఆర్.ఎన్.ఏ. అని పేరు. వీరిద్దరికి 2024లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. చెత్తయని త్రోసివేసినదానినుండి దొరకిన మాణిక్యమునకు ముప్పదియొక్క యేండ్లకు దక్కిన గౌరవమది.

ఇప్పుడు పురుగును విడిచి ఊపిరితిత్తులకు వచ్చెదము. జపాను దేశమున నగోయాలోని వైద్యులు ఊపిరితిత్తుల కాన్సరుకై శస్త్రచికిత్స పొందిన 143 మంది గడ్డలను పరీక్షించి 2004లో ఫలితములు తెలిపిరి. గడ్డలో లెట్-7 తగ్గిపోయినవారు, తగ్గనివారికంటె తక్కువ కాలము జీవించిరి. ఏల? మరుసటి సంవత్సరము, 1905 గాక 2005లోనే, అమెరికాలోని ఫ్రాంక్ స్లాక్ బృందము కారణము చూపెను. ‘రాస్’ అను నొక మాంసకృత్తు గలదు. కణమును “పెరుగుము, రెండుగా చీలుము” అని తరుముట దాని పని. లెట్-7 ఆ రాస్ చీటీలను అదుపులో నుంచును. లెట్-7 తగ్గినప్పుడు రాస్ సరకు గిడ్డంగి నిండ పేరుకొనును. కణములు ఆగక పెరుగును. బండికి బ్రేకు తెగినట్లే.

బ్రేకులవంటి చీటీలే గాక, తొందరపెట్టు చీటీలును గలవు. ‘మైక్రో ఆర్.ఎన్.ఏ. 21’ అనునది వానిలో పేరుమోసినది. కణములు మితిమీరి పెరుగకుండ కాపలాకాయు కొన్ని మాంసకృత్తుల చీటీలను ఇది అణచివేయును. అనగా కావలివానినే నిద్రపుచ్చును. ఊపిరితిత్తుల కాన్సరు గడ్డలలో ఇది సాధారణముగా హెచ్చుగా నుండును. ఎన్నడును పొగ త్రాగనివారి గడ్డలలో సైతము ఇది హెచ్చియుండుటను 2009లో వెలువడిన ఒక పరిశోధన చూపెను, ఇ.జి.ఎఫ్.ఆర్. అను జన్యువునందు మార్పు కలిగిన గడ్డలలో ఆ హెచ్చు మరింత స్పష్టముగా కనబడెను. ఈ మాట మన ఆడబిడ్డలకొరకు చెప్పుచున్నాను. లోకములో ఈ వ్యాధి వచ్చినవారిలో నాలుగవవంతుమంది పొగ త్రాగనివారే. “నేను బీడీ ముట్టలేదు, నాకేల వచ్చును” అని ఏ తల్లియు దగ్గును నిర్లక్ష్యము చేయరాదు.

పొగ ఈ చీటీలను ఏమి చేయును? దీనికిని సమాధానము దొరకినది. బోస్టనులోని శాస్త్రజ్ఞులు పొగ త్రాగువారి శ్వాసనాళపు లోపొరనుండి కణములు తీసి, పొగ త్రాగనివారి కణములతో పోల్చి 2009లో ప్రకటించిరి. 28 మైక్రో ఆర్.ఎన్.ఏ.లు మారియుండెను, వానిలో ఎక్కువభాగము తగ్గిపోయినవే. గమనింపుడు, వారికి ఇంకను కాన్సరు రాలేదు. ఆరోగ్యవంతులమని తిరుగుచున్న దినములలోనే లోపల చిన్న గుమాస్తాలు ఒక్కొక్కరుగా పని మానుచున్నారన్నమాట. పొగ ఆవర్జాలోని అక్షరములనే చెరపును; దానికి తోడు చీటీల అదుపునుగూడ చెడగొట్టును. కొట్టు తగులబడుటకు ముందే లెక్కలు తప్పుట మొదలగును.

ఈ చిన్నవానికి తోడు పొడవైన చీటీలును గలవు. వేలకొలది అక్షరముల పొడవున్నను అవియు సరకు చెప్పవు. వానిలో ఒకటి ఊపిరితిత్తుల కాన్సరునందే మొదట పేరు పొందెను. 2003లో జర్మనీలోని మూన్‌స్టర్ నగర వైద్యులు, ఆరంభదశలో కోసి తీసిన గడ్డలను పరీక్షించి, ఎవరికి వ్యాధి తరువాత ఇతర అవయవములకు ప్రాకెనో వారి గడ్డలలో ఒక పొడవైన ఆర్.ఎన్.ఏ. ఎక్కువగా నున్నట్లు కనుగొనిరి. దానికి ‘మలాట్-1’ అని పేరు పెట్టిరి. 2013లో హైడెల్‌బర్గులోని బృందము కాన్సరు కణములనుండి ఆ మలాట్-1ను తొలగించి ఎలుకలకు ఎక్కించగా గడ్డలు ఇతరస్థానములకు ప్రాకుట తగ్గెను. మందువలె పనిచేయు పదార్థముతో దానిని అణచినప్పుడును అట్లే తగ్గెను.

ఇంతవరకు విని, “అయితే దానిని తీసివేసిన సరి” యని మనకు తోచును. శాస్త్రము అంత తిన్నగా నడువదు. 2018లో అమెరికాలోని హ్యూస్టన్ నగర శాస్త్రజ్ఞులు, రొమ్ము కాన్సరులో అదే మలాట్-1 వ్యాధి ప్రాకుటను అడ్డుకొనుచున్నదని చూపిరి. ఒక అవయవమున శత్రువు, మరియొక అవయవమున మిత్రుడు. ఒకే చీటీ ఒక ఊరి కొట్టులో నష్టము, వేరొక ఊరి కొట్టులో లాభము తెచ్చినట్లు. ఇదియే ఈ విద్యలోని కష్టము.

మరి యీ జ్ఞానమునుండి మందు రాలేదా? ప్రయత్నములు జరిగినవి. చీటీలను ఆపు చీటీలలో ‘మైక్రో ఆర్.ఎన్.ఏ. 34’ అనునది ఆరోగ్యకణములకు మంచి కావలి. కాన్సరులో అది తగ్గును. దానిని కృత్రిమముగా చేసి, కొవ్వు బిందువులలో పొదిగి రక్తములోనికి ఎక్కించు ప్రయోగమును 2013లో అమెరికాలో ఆరంభించిరి. పలువిధముల గడ్డలు గల రోగులు అందు పాల్గొనిరి. కొందరిలో గడ్డ తగ్గినను, రోగనిరోధకశక్తి అదుపుతప్పి తీవ్రమైన ఉపద్రవములు కలిగి కొందరు మరణించుటచే 2016లో ఆ ప్రయోగమును నిలిపివేసిరి. అట్లని ద్వారము మూతపడలేదు. చీటీని ఆపు పద్ధతిపైననే తయారైన మందు ఒకటి, వంశపారంపర్యముగా నరములను చెరచు ఒక వ్యాధికి 2018లో అమెరికాలో అనుమతి పొందెను. ఊపిరితిత్తుల కాన్సరునకు మాత్రము ఇట్టి చిన్న చీటీలతో చేసిన మందు ఏదియు నేటివరకు అనుమతి పొంది వైద్యులచేతికి రాలేదు.

చికిత్సకు గాకున్నను, వ్యాధిని ముందుగా గుర్తించుటకు ఈ చీటీలు పనికివచ్చునా యని ఇటలీలో చూచుచున్నారు. ఇవి రక్తములోను తిరుగుచుండును. మిలాను నగరమున 2013 మొదలు 2016 వరకు 4,000 పైచిలుకు పొగత్రాగు స్వచ్ఛందసేవకులను చేర్చుకొని, 24 మైక్రో ఆర్.ఎన్.ఏ.లను చూచు రక్తపరీక్షను సి.టి. స్కానుతో జోడించి పరిశీలించిరి. ఎవరికి స్కాను త్వరగా మరల తీయవలెనో, ఎవరు కొన్నేండ్లు ఆగవచ్చునో తేల్చుటకు అది తోడ్పడునని వారి ఆశ. అది పరిశోధనలోని పరీక్ష. మన ఊరి ప్రయోగశాలలో సొమ్ము చెల్లించి చేయించుకొనదగినది కాదు. ఎవరైనను “ఆర్.ఎన్.ఏ. మందు”, “ఆర్.ఎన్.ఏ. పొడి” అని కాన్సరు రోగి యింటికి వచ్చినచో వాకిటనుండియే పంపివేయుడు. రోగి యింటిలో ఆశ యెక్కువ, తెలివి తక్కువగా నుండు సమయమది. మోసగాండ్రకు ఆ సంగతి బాగుగా తెలియును.

శోధననుండి మందు వచ్చుటకు కాలము పట్టును. దీనికి మన తెలుగువాని కథయే సాక్ష్యము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లముపై పనిచేయించి, దానిని ఎదిరించు పదార్థములను తయారుచేయించిరి. వానిలో ఒకటియైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తకాన్సరు గల పసిబిడ్డలకిచ్చి, తాత్కాలికముగానైనను వ్యాధి తగ్గుటను 1948లో లోకమునకు తెలిపెను. ఆ యేడే సుబ్బారావుగారు గతించిరి. నేడు ఊపిరితిత్తుల కాన్సరులో ఒకరకమునకు ఇచ్చుచున్న పెమెట్రెక్సెడ్ అను మందు ఆ ఫోలిక్ విరోధుల వంశములోనిదే. అమెరికాలో దానికి అనుమతి లభించినది 2004లో. మధ్య గడచినవి ఏబదియారేండ్లు. భీమవరపు బిడ్డ నాటిన విత్తు వేలూరు ఆస్పత్రి పడకపైనున్న రోగికి నేడు నీడనిచ్చుచున్నది. చిన్న చీటీల విద్యయు ఒకనాడు అట్లు ఫలించునని నమ్మవచ్చును. కాని నేడు దగ్గుచున్నవాడు అంతవరకు ఆగజాలడు.

కావున నేడు చేతనున్న సాధనములేవి? వ్యాధి ఒకేచోట నున్నప్పుడు శస్త్రచికిత్స; తరువాత కిరణచికిత్స, మందుల చికిత్స. గడ్డ ముక్కను పరీక్షించి ఇ.జి.ఎఫ్.ఆర్. మార్పు ఉన్నదని తేలినచో నోటితో మ్రింగు మాత్రలు గలవు. హైదరాబాదులోని కర్మాగారములును అట్టి మాత్రలను తయారుచేయుచున్నవి. మన అదృష్టముకొలది 1900లో ఐడా స్కడ్డర్ అను వైద్యురాలు ఒక్క పడకతో ఆరంభించిన ఆస్పత్రి నేడు దేశమంతటినుండి రోగులు వచ్చు క్రిస్టియన్ మెడికల్ కాలేజిగా వేలూరులో నిలిచియున్నది. అడుక్కంపారైలో ప్రభుత్వ వైద్యకళాశాల ఆస్పత్రి గలదు. అర్హతగల కుటుంబములకు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య భీమా పథకము కాన్సరు చికిత్సకును వర్తించును. సాధనములు మన గడపలోనే యున్నవి. ఆలస్యము మనది.

ఆ ఆలస్యమునుగూర్చి మా యింటి సంగతి చెప్పి తీరవలెను. చిన్నాయనగారికి దగ్గు వచ్చెను. రెండు మాసములు కషాయములతో గడచెను. పిమ్మట గళ్ళలో నెత్తురు కనబడెను. ఒక వైద్యుని యొద్దకు పోతిమి. ఛాతీ ఎక్స్‌రే చూచి, గళ్ళ పరీక్ష లేకయే, “క్షయ” యని మందులు మొదలుపెట్టిరి. మన దేశములో క్షయ విస్తారముగా నుండుటచే ఎక్స్‌రేలో మచ్చ కనబడినంతనే అట్లు తలచుట తరచుగా జరుగుచున్నదని తరువాత వింటిని. ఐదు మాసములు మందులు వాడిరి. బరువు తగ్గుచునే యుండెను, దగ్గు తగ్గలేదు. “మందు పనిచేయుటకు కాలము పట్టును” అని మేమును సరిపెట్టుకొంటిమి. చివరకు వేలూరులో సి.టి. స్కాను తీసి, గడ్డనుండి ముక్క తీసి పరీక్షింపగా కాన్సరని తేలెను. అప్పటికే అది ఎముకలకు ప్రాకియుండెను. ఆ ఐదు మాసములలో ఆయన కణములలో ఏ బ్రేకులు తెగెనో, ఏ చీటీలు హెచ్చెనో నాకు తెలియదు. ఆ మాసములు మరల రావని మాత్రము తెలియును.

ఆ వైద్యునిపై నాకు కోపము లేదు. అడుగవలసిన ప్రశ్నను మేము అడుగలేదు. మీరు అడుగుడు. రెండు వారములు మించి దగ్గు ఉన్నచో గళ్ళ పరీక్ష చేయింపుడు. క్షయ యని తేలినచో మందు తప్పక పూర్తిగా వాడుడు. అది నయమగు వ్యాధి. కాని క్షయ క్రిములు కనబడకయే మందు ఇచ్చినప్పుడు, కొన్ని వారములలో గుణము కనబడనిచో, “ఇది కాన్సరు కావచ్చునా? స్కాను, ముక్క పరీక్ష అవసరమా?” అని వినయముగా అడుగుడు. రెండు వ్యాధులును ఒకే మనుష్యునకు ఉండుటయు గలదు. గళ్ళలో నెత్తురు, కారణములేని బరువు తగ్గుదల, గొంతు బొంగురు, ఛాతీలో విడువని నొప్పి, వీనిని దాచిపెట్టుకొనవలదు. చిరకాలము ఎక్కువగా పొగ త్రాగినవారికి, జబ్బు లక్షణములు లేకున్నను, తక్కువ కిరణములతో తీయు సి.టి. స్కానువలన ఊపిరితిత్తుల కాన్సరు మరణములు నూటికి ఇరువది పాళ్లు తగ్గినట్లు 2011లో అమెరికాలో 53 వేలమందిపై జరిగిన పరిశోధన తేల్చెను. మన దేశములో పాత క్షయమచ్చలు ఆ స్కానులో తికమక పెట్టును గనుక వైద్యుని సలహాపైననే దానిని చేయించుకొనవలెను.

అన్నిటికంటె చవుకయైన మందు మానుట. పొగ మానిన పదేండ్లకు, ఊపిరితిత్తుల కాన్సరుతో మరణించు ప్రమాదము మానక కాల్చువానిదానిలో సుమారు సగమునకు దిగును. అరువదియేండ్లవాడు మానినను లాభమే. మానలేక బాధపడువారికి ప్రభుత్వమువారి ఉచిత టెలిఫోను సలహా 1800-11-2356 గలదు.

ఇక మనవంటి కొట్లవారి మాట. పదునెనిమిదేండ్లలోపు బాలురకు బీడీ, సిగరెట్టు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. “నాన్న తెమ్మన్నాడు” అని కుర్రవాడు వచ్చినప్పుడు మనము ఇచ్చుచునే యున్నాము. నేనును ఇచ్చితిని. గడచిన ఉగాదినుండి మా కొట్టులో బీడీ, సిగరెట్టు అమ్మకము మానివేసితిని. గల్లాపెట్టెకు లోటు వచ్చినమాట నిజము. అందరును ఈ దినమే మానవలెనని శాసించుటకు నేనెవరిని? కాని బాలురకు ఇవ్వకుండుట, విడిబీడీలు అమ్మకుండుట మాత్రము ఈ సభలోని ప్రతి వర్తకుడును రేపటినుండి చేయగలడు.

బీడీ చుట్టు అక్కచెల్లెండ్రకు ఒక మాట. మిమ్ము తప్పుపట్టుటకు ఎవరికిని హక్కు లేదు. మీ శ్రమ నిజాయితీగలది. పొగాకు దుమ్ము దగ్గు తెచ్చును గనుక గాలివచ్చు చోట కూర్చుండుడు. పసిబిడ్డలను చేటకు దూరముగా నుంచుడు. బీడీ కార్మికుల సంక్షేమమునకై 1966లోను 1976లోను చట్టములు చేయబడెను. మీకు గుర్తింపుకార్డు లేనిచో సంఘమునకు చెప్పుడు; దరఖాస్తు వ్రాయించుటకు మేము సిద్ధము. కుట్టుపని, నేతపని నేర్వగోరు బాలికలకు సంఘము ఏమి చేయగలదో కార్యవర్గము ఆలోచింపవలెనని నా ప్రార్థన.

చివరిగా మన భాష సంగతి. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువరకు ఈ వేలూరు, గుడియాత్తము, చిత్తూరు అన్నియు ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. సరిహద్దులు మారినను మన యిండ్లలో భాష మారలేదు. చిత్తూరునుండియు, మన ఊళ్లనుండియు వేలూరు ఆస్పత్రులకు పోవు తెలుగువారిలో ముసలివారు ఎందరో తమిళమున మాటలాడగలిగినను, తమ జబ్బును తెలుగులోనే తలచుకొందురు. వారి చేతిలోని కాగితము ఇంగ్లీషుది. పిన్నమ్మ అడిగిన ప్రశ్న ప్రతి యింటిలోను ఒకరు అడుగుచునే యుందురు. కావున నేనొక ప్రతిపాదన చేయుచున్నాను. వారమునకు ఇద్దరు చొప్పున మన సంఘ యువకులు వంతులవారిగా రోగులకు తోడుపోయి, వైద్యుడు చెప్పినదానిని తెలుగులో వ్రాసి యింటివారికి చదివి వినిపింపవలెను. మొదటి వంతునకు నా పేరు వ్రాసికొనుడు.

సరకు పేరు లేని చీటీయని పారవేసినదే ప్రాణమును నడుపుచున్నదని శాస్త్రము నేడు చెప్పుచున్నది. రోగి ప్రక్కన కూర్చుండి కాగితము చదివిపెట్టుటయు అట్టిదే. దానివలన ఏ సరకును పుట్టదు, ఏ లాభమును రాదు. కాని సమయమునకు చేసినచో ఒక యింటిలో ఐదు మాసములు మిగులవచ్చును.